నేటాలు బొగ్గుగనులకు పోయిన తెలుగువారు: వంశమూలముల అన్వేషణ

ఢిల్లీలో జనపథ్ రోడ్డుమీద, పూర్వము రాజపథమని పిలువబడి 2022నుండి కర్తవ్యపథమైన రహదారికి చేరువగా, జాతీయ పురాలేఖాగారము కలదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనవారు పెక్కుమంది నిత్యము ఆ భవనము ముందుగా రాకపోకలు సాగించుచుందురు. లోపలికి పోయి చూచినవారు కొలదిమంది. 1891 మార్చి 11వ తేదీన కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటు అను పేర నెలకొల్పబడి, రాజధాని మారిన పిదప ఢిల్లీకి తరలివచ్చిన ఆ సంస్థలో, దేశాంతరములకు వలసపోయిన భారతీయులను గూర్చిన దస్తరములు రాసులుగా నున్నవి. దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగి, తెలుగు మాటలు నాలుగైదు మాత్రము నోటనున్న వంశీయులకు ఆ దస్తరములతో పని కలదు. వారికి కావలసినది యొక చిన్న సమాచారము: తమ ముత్తాత ఏ యూరివాడు?

అట్టి ముత్తాతలలో చెరకుతోటలకు పోయినవారే యెక్కువ. వారిని గూర్చి కథలు, వ్యాసములు కొన్ని వెలువడినవి. బొగ్గుగనులలోనికి దిగినవారిని గూర్చి మన భాషలో వ్రాయబడినది స్వల్పము. అయినను 1913వ సంవత్సరమున దక్షిణాఫ్రికా ప్రభుత్వమును గడగడలాడించినది మొదట ఆ గనికూలీలే.

నేటాలు నేడు దక్షిణాఫ్రికాలో క్వాజులు-నేటాలు అను రాష్ట్రము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అది బ్రిటిషువారి వలసరాజ్యము. అచట చెరకు పండించుటకు దొరలు పూనుకొనిరి గాని, స్థానికులైన జూలూలు తమ భూములను, పశువులను విడిచి ఏడాది పొడుగున పరుల తోటలలో పనిచేయుట కిష్టపడలేదు. అంతట భారతదేశమునుండి అయిదేండ్ల ఒప్పందముపై కూలీలను తెప్పించుకొను ఏర్పాటు జరిగినది. 'అగ్రిమెంటు' అను ఇంగ్లీషు మాట కూలీల నోట 'గిరిమిటు' అయినది. మొదటి ఓడ 'ట్రూరో' 1860 అక్టోబరులో మద్రాసు విడిచి నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. అందు 342 మంది యుండిరి. ఆనాటికి మద్రాసున ఓడలు నిలుచు రేవు కట్టబడలేదు. అలలమీద ఎగిరిపడు మసూలా పడవలలో కూర్చుండి, సముద్రముపై దూరముగా నిలిచిన ఓడను చేరవలసియుండెను. పొలము గట్లు తప్ప మరేమియు చూడనివారికి ఆ మొదటి అర్ధగంటయే దేశత్యాగముగా తోచియుండును.

1866లో ఆగిపోయి, 1874లో మరల మొదలిడి, 1911 జూలైలో 'ఉమ్లాజీ' ఓడతో ఈ వలస ముగిసినది. ఈ యేబదియొక్క సంవత్సరములలో పోయినవారి సంఖ్య 1,52,184. మూడింట రెండువంతులు మద్రాసు రాజధానివారు. తమిళులతోపాటు గంజాం, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుండి తెలుగువారు వేలకొలది పోయిరి. 1876 నాటి ధాత కరవు, 1896-97 నాటి కరవు ఊళ్ళను పీల్చి పిప్పిచేసినపుడు, డిపోలో రెండుపూటల అన్నము పెట్టుదురను మాటయే చాలినది. వారు ఆశచే పోయిరని వ్రాయువారు కలరు, మోసపోయిరని వ్రాయువారును కలరు. ఆకలి యను మూడవ కారణమునకు ఈ రెంటికన్న బలమెక్కువ.

బొగ్గు సంగతి తరువాత వచ్చినది. నేటాలు ఉత్తరభాగమున డండీ, న్యూకాసిలు అను పట్టణముల చుట్టును భూమిలో బొగ్గున్నదని ముందే తెలిసియుండెను. తరలించు మార్గము మాత్రము లేదు. డర్బనునుండి బయలుదేరిన రైలుమార్గము 1886లో లేడీస్మిత్తును, 1891లో ట్రాన్సువాలు సరిహద్దునందలి చార్లెస్టనును చేరినది. దారిలో గ్లెంకో, న్యూకాసిలు దానికి తగిలినవి. 1889లో డండీ బొగ్గు కంపెనీ యేర్పడినది. ఒక వింత గమనింపదగియున్నది. ఆ 1889లోనే నిజాము రాజ్యమున ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. అనగా తెలుగు కూలీవాని చేతికి స్వదేశమునందును, సముద్రమునకు ఆవలను బొగ్గు పార ఒకేమారు అందినదన్నమాట. ఒకటి హైదరాబాదు దక్కను కంపెనీవారి గని, మరియొకటి నేటాలు దొరల గని. సింగరేణికి పోయినవాని వంశము నేటికిని తన యూరి పేరు చెప్పగలదు.

గని యజమానులకు ఒప్పందకూలీలమీద మక్కువ కలుగుటకు కారణము స్పష్టమే. ఆఫ్రికను కార్మికుడు వ్యవసాయపు పనులు రాగానే ఇంటికి పోవును. గిరిమిటు కూలీ అయిదేండ్లు కదలుటకు వీలులేదు. అనుమతి చీటీ లేక గని విడిచి పోయినచో చట్టప్రకారము నేరస్థుడు. జీతము మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు, ఏటేట ఒక షిల్లింగు హెచ్చి అయిదవయేట 14. పౌనుకు 15 రూపాయల లెక్కన 10 షిల్లింగులనగా మన ఏడున్నర రూపాయలు. బియ్యము, పప్పు, ఉప్పు, నూనె కొలతప్రకారము ఇచ్చుచుండిరి. బొగ్గు కొట్టుట మాత్రమే కాదు. ట్రక్కులు త్రోయుట, నీరు తోడు పంపులకు కాపుండుట, బాయిలరులో బొగ్గు వేయుట, పైకి వచ్చిన బొగ్గులోనుండి రాళ్ళేరుట, ఇట్టి పనులన్నిటను మనవారుండిరి. ఎండలో దుక్కి దున్నిన చేతులకు చీకటిలో ఆ పని ఎట్లుండెనో వారిలో నెవ్వరును వ్రాసియుంచలేదు. వ్రాయుట వారికి రాదు.

వారిని గూర్చి ఇతరులు వ్రాసినది మాత్రము నిలిచియున్నది. అదియే ఓడ చిట్టా.

ప్రతి ఓడకును ఒక చిట్టా యుండెను. అందు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస. మొదటి గడిలో వలసరాజ్యపు సంఖ్య. తరువాత పేరు, తండ్రిపేరు, వయస్సు, స్త్రీయో పురుషుడో, కులము, జిల్లా, ఠాణా, గ్రామము, అడుగులలో అంగుళములలో ఎత్తు, దేహముమీది గుర్తులు. ఏ యజమానికి ఒప్పగింపబడెనో ఆ వివరము నేటాలులో చేరినది. ఈ చిట్టాలు డర్బను పురాలేఖాగారమున భద్రముగా నున్నవి. జాయ్ బ్రెయిన్ అను చరిత్రకారిణి పూనికతో డర్బను-వెస్టువిల్ విశ్వవిద్యాలయమున ఇందలి పేర్లన్నియు కంప్యూటరునకు ఎక్కింపబడినవి. అందుచేత నేడు వెదకువారికి శ్రమ చాలవరకు తగ్గినది.

ఆ వరుసను ఒకమారు శ్రద్ధగా చదివినచో తెలుగువానికి వెంటనే ఒక లోపము కనబడును. ఇంటిపేరునకు గడి లేదు. పేరు కలదు, తండ్రిపేరు కలదు, కులము కలదు. తరతరములుగా ఆ కుటుంబమును గుర్తించుచున్న ఇంటిపేరు మాత్రము అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. ఫారము తయారుచేసిన దొరకు అట్టి వస్తువొకటి యున్నదని తెలియదు. కార్యాలయములలో ఫారములతో కాలము గడుపువారికి ఈ సంగతి తేలికగా అర్థమగును. ఫారములో గడి లేని విషయము ప్రభుత్వము దృష్టిలో లేని విషయమే. 'ఠాణా' అను మాటయు అట్టిదే. బంగాళమునకు, ఉత్తర హిందూస్థానమునకు ఆ మాట సరిపోవును. మద్రాసు రాజధానిలో జిల్లా క్రింద తాలూకా గాని ఠాణా లేదు. గుమాస్తా ఆ గడిలో తాలూకా పేరు వ్రాసి పని జరుపుకొనెను. ఇంటిపేరునకు అంతపాటి చోటైనను దొరకలేదు.

పేరు గడియైనను నమ్మదగినట్లున్నదా యనిన, అదియు సందేహమే. ఊరిలో కూలీవానిని పూర్తి పేరుతో పిలుచు ఆచారము ఆనాడు లేదు. అప్పలస్వామిని అప్పడనిరి, నరసింహులును నర్సిగాడనిరి. రిజిస్ట్రేషనువేళ నీ పేరేమిరా యని అడిగినచో వాడు ఊరివారు పిలుచు పిలుపునే చెప్పెను. ఆ విధముగ 'డు', 'గాడు' అను తక్కువచూపు ప్రత్యయములు ఇంగ్లీషు అక్షరములలో పేరునకు అంటుకొనిపోయినవి. తమ కుటుంబమునకు మూలపురుషుని పేరును మునిమనుమలు భక్తితో చదువుచుండగా, ఆ పేరుచివర యున్నది పూర్వపు దొరతనపు పిలుపని వారికి తెలియజెప్పుట కొంత కష్టముగనే యుండును. కొందరు కావలెననియే పేరు, కులము మార్చి చెప్పిరి. అప్పులవారికి, అత్తింటివారికి, పోలీసులకు దొరకకుండ పోవువాడు నిజము చెప్పునా?

ఇచట మరియొక జాతి వలసతో పోల్చి చూచుట అవసరము. ఇదే నేటాలునకు, ట్రూరో ఓడకు పన్నెండేండ్లు ముందుగా, 1848లో జర్మనులు కొందరు వచ్చిరి. బెర్గుటైల్ అను వర్తకుడు వారిని ప్రత్తి పండించుటకై తెచ్చెను. డర్బను దగ్గర వారు దిగిన చోటు నేటికిని 'న్యూ జర్మనీ' అను పేర నున్నది. ప్రత్తి పండలేదుగాని వారు నిలిచిరి. వారి వంశీయుడు మూలములను వెదకదలచినచో ఇంటిపేరు చేతిలో నుండును. చర్చి పుస్తకములలో జననము, వివాహము, మరణము తేదీలతో నుండును. జర్మనీలో గ్రామపు చర్చియందును అట్టి పుస్తకమే యుండును. రెండింటిని జోడించిన చాలును. అమెరికాలోని బొగ్గుగనులకు పోయిన జర్మనుల విషయమున మరియొక సౌకర్యము కలదు. హాంబర్గు రేవునుండి బయలుదేరినవారి పట్టికలు 1850 మొదలు 1934 వరకు నిలిచియున్నవి. బ్రేమెను రేవు పట్టికలు చాలవరకు నశించినవి. కావున తాత ఏ రేవులో ఓడ యెక్కెనను అదృష్టముపై వెదకుట ఆధారపడును. అయినను ఇంటిపేరు వారివెంట ఓడ దాటి వచ్చినది. అక్షరములు కొంత మారినను మనిషిని వదలలేదు.

తెలుగు గిరిమిటువానికి ఆ తోడు లేదు. దానికి మారుగా వానివద్ద నున్నవి రెండు: సంఖ్య, మచ్చ.

సంఖ్య మాట మొదట చెప్పవలెను. 1860లో ఒకటితో మొదలైన వలసరాజ్యపు సంఖ్యలు వరుస తప్పక 1911 వరకు సాగినవి. కావున సంఖ్య తెలిసినచో ఓడయు, సంవత్సరమును తెలియును. పాత విడుదల పత్రముమీదనో, వివాహపు నమోదులోనో ఆ సంఖ్య కానవచ్చును. కుటుంబములలో దానిని మంత్రమువలె కాపాడుకొన్నవారు కలరు. వెదకువారు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి యున్నది. తమ తాత వరుస దొరకగానే దానిని వ్రాసికొని పుస్తకము మూసివేయుదురు. అట్లు చేయరాదు. ఆ వరుసకు పైనను క్రిందను పది పది వరుసలు చదువవలెను. ఒకే యూరివారు, ఒకే తండ్రి బిడ్డలు, భార్యాభర్తలు డిపోలో కలిసియుండి, పక్కపక్క సంఖ్యలు పొందుట సామాన్యము. తాత వరుసలో గ్రామము పేరు చెడియున్నను, పొరుగు వరుసలో గుమాస్తా దానిని కొంత శుద్ధముగా వ్రాసియుండవచ్చును. అన్నదమ్ముల సంగతి, డిపోలోనే కుదిరిన పెండ్లి సంగతి, తల్లి చేతనున్న పసిబిడ్డ సంగతి ఆ పక్క వరుసలలోనే బయటపడును. ఓడలో కలిసి వచ్చినవారు నేటాలులో ఒకరినొకరు బంధువులవలె చూచుకొనిరి. ఇంటిపేర్లు పోయినచోట ఓడపేరే ఇంటిపేరైనది.

గ్రామము విషయమున కొంత భూగోళము నేర్వవలసియున్నది. భీమునిపట్టణము 'బిమ్లిపటం' అయ్యెను; శ్రీకాకుళము 'చికాకోల్' అయ్యెను. శ్రీకాళహస్తి ఇంగ్లీషు స్పెల్లింగులో గుర్తుపట్టరానట్లుండును. కొత్తవలసలు, కొత్తపల్లులు, రాజుపాలెములు ఎన్నియో కలవు. పైగా జిల్లాల హద్దులు నిలువలేదు. చిట్టాలో గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా యని యున్నచో నేటి ఒడిశాలో వెదకుట వ్యర్థము. 1936లో ఒరిస్సా వేరుపడినపుడు ఆ తెలుగుభాగము విశాఖపట్టణము జిల్లాలో చేరెను, 1950లో శ్రీకాకుళము జిల్లా యయ్యెను. చిట్టాలోని విశాఖపట్టణము జిల్లానుండి 1979లో విజయనగరము జిల్లాకు భాగము పోయెను, 2022 ఏప్రిలులో అనకాపల్లి జిల్లా వేరయ్యెను, పాలకొండ పార్వతీపురము మన్యము జిల్లాలో చేరెను. ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా యని యున్నచో, 1911నుండి అది చిత్తూరు జిల్లా, 2022నుండి తిరుపతి జిల్లా. ఈ మార్పులు తెలియక, సరియైన యూరినే చేతిలో పెట్టుకొని వేరొక రాష్ట్రమున తిరుగువారుందురు.

ఇక దేహముమీది గుర్తులు. కూలీ పారిపోయినపుడు పట్టుకొనుటకై ఈ గడి కల్పింపబడినది. కుడిమోకాలిమీద గాయపు మచ్చ, నుదుట కాలిన గుర్తు, ముంజేతిమీద పచ్చబొట్టు, ఇట్టివి. మారిషసులో నయితే 1860ల తరువాత కూలీల ఛాయాచిత్రములు తీయుట మొదలైనది. అవి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. నేటాలు చిట్టాలో బొమ్మ లేదు. ఆ మచ్చలే బొమ్మ. అయిదడుగుల పొడవు, ఇరువది యేండ్ల వయస్సు, ఎడమ భుజముమీద మచ్చ. ముత్తాతనుగూర్చి వంశమునకు దక్కిన రూపమంతయు ఇదియే. ఖైదీని గుర్తించుటకు వ్రాసినదే నూరేండ్లకు మనుమనికి తాతను చూపుచున్నది. అయినను ఆ గుమాస్తాకు కృతజ్ఞత చెప్పవలెనా యను ప్రశ్నకు జవాబిచ్చుట సులభము కాదు.

చిట్టా ఓడ దిగువరకే వచ్చును. తరువాతి సంగతి గనులలో వెదకవలెను. అయిదేండ్లు ముగిసిన కూలీ స్వేచ్ఛగా స్థిరపడుట నేటాలు దొరలకు నచ్చలేదు. 1895 నాటి చట్టము ప్రకారము, ఆ తరువాత వచ్చినవాడు గడువు తీరిన పిదప తిరిగి ఒప్పందము చేసికొనవలెను, లేదా దేశమునకు మరలవలెను, లేదా ఏటికి మూడు పౌనుల పన్ను చెల్లింపవలెను. మూడు పౌనులనగా మొదటియేటి జీతములో ఆరునెలలది. భార్యకును వేరుగా మూడు పౌనులు. 1903 చట్టముచే పదునారేండ్ల కొడుకునకు, పదుమూడేండ్ల కూతురునకు కూడ ఆ పన్ను విస్తరించినది. నలుగురున్న కుటుంబమునకు పండ్రెండు పౌనులు. పన్ను కట్టలేక మరల గనిలో దిగినవారెందరో. ఒకే మనిషి పేరు రెండు మూడు మారులు వేరువేరు యజమానుల క్రింద కానవచ్చుటకు కారణమిదియే. వేరువేరు మనుషులని భ్రమపడరాదు. దీనికి తోడు 1913 మార్చి 14న కేప్ న్యాయస్థానమున న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు, క్రైస్తవేతర పద్ధతిలో జరిగిన వివాహములకు చట్టము దృష్టిలో విలువ లేదన్నట్లు చేసినది. పన్ను కడుపుమీద కొట్టినది. తీర్పు బిడ్డల పుట్టుకమీద కొట్టినది.

ఆ యక్టోబరులో టాల్‌స్టాయ్ ఫారమునకు చెందిన పదునొకండుగురు స్త్రీలు ట్రాన్సువాలు సరిహద్దు దాటి న్యూకాసిలు చేరిరి. గని కూలీల నివాసములలో ఇల్లిల్లు తిరిగి, పన్ను తీసివేయువరకు పని మానుడని చెప్పిరి. తంబినాయుడు వారికి తోడుండెను. మొదట ఫెయిర్లీ గనిలో 78 మంది పనిమానిరి. ఆ నిప్పు గనినుండి గనికి ప్రాకినది. రెండు వారములలో వేలమంది పైకి వచ్చిరి. స్త్రీలకు మూడు నెలల శిక్ష పడినది. గాంధీజీ న్యూకాసిలు వచ్చి డి. ఎం. లాజరసు అను క్రైస్తవుని ఇంట దిగిరి. యజమానులు దీపములు, నీళ్ళు ఆపివేయగా, కూలీలు గనియిండ్లు విడిచి బిడ్డలను, దుప్పట్లను మోసికొని బయలుదేరిరి.

1913 నవంబరు 6న చార్లెస్టనునుండి సరిహద్దు దాటినవారి సంఖ్యను గాంధీజీ తమ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో వ్రాసిరి: పురుషులు 2,037, స్త్రీలు 127, పిల్లలు 57. రోజునకు మనిషికి ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. ఇద్దరు పసిబిడ్డలు ఆ నడకలో మరణించిరి. ఒకటి చలికి, ఒకటి వాగు దాటుచుండగా తల్లి చేతినుండి జారిపడి. తల్లులు నడక ఆపలేదు. ఆ బిడ్డల పేర్లు, తల్లుల పేర్లు ఆ గ్రంథమున లేవు. వంశవృక్షము గీయువారికి అట్టి కొమ్మలెన్ని విరిగిపోయినవో తెలియదు. నవంబరు 10న బాల్ఫరు వద్ద అందరిని మూడు ప్రత్యేక రైళ్ళలో ఎక్కించి నేటాలునకు మరలించిరి. ప్రభుత్వము అప్పుడొక ఉపాయము పన్నినది. గని ఆవరణలనే డండీ, న్యూకాసిలు జైళ్ళకు శాఖలుగా ప్రకటించి, గనిలోని తెల్ల ఉద్యోగులనే జైలు వార్డర్లుగా నియమించినది. ఎవరి పని మానిరో వారి క్రిందనే ఖైదీలై, కొరడాదెబ్బలు తినుచు అదే గనిలో దిగవలసివచ్చెను. అనుమతి లేక విడిచిపోయిన నేరమునకు మేజిస్ట్రేటు కోర్టులలో పడిన శిక్షల వివరములు నేడు వంశాన్వేషకులకు ఉపకరించుచున్నవి. తాత పేరు నేరస్థుల పట్టికలో దొరకినందుకు సంతోషించు మనుమలు లోకమున వీరే యేమో!

మద్రాసులో నవంబరు 24న వైస్రాయి హార్డింజి ప్రభువు ఈ కూలీల పక్షమున బహిరంగముగా మాటలాడెను. 1914లో వెలువడిన ఇండియన్ రిలీఫ్ చట్టముచే మూడు పౌనుల పన్ను రద్దయ్యెను. భారతీయ వివాహములకు గుర్తింపు కలిగెను.

ఇంతకును ఢిల్లీలో దొరకునదేమి? ఓడ చిట్టాలు ఇచట లేవు. వలస వ్యవహారము మొదట రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖ క్రింద నుండెను. 1905నుండి వాణిజ్య పరిశ్రమల శాఖకు పోయెను. తరువాత విద్య, ఆరోగ్య, భూముల శాఖలో సముద్రాంతర భారతీయుల విభాగమయ్యెను. 1944లో కామన్‌వెల్తు సంబంధముల శాఖయై, 1947లో విదేశాంగ శాఖలో కలిసెను. సంవత్సరము తెలియక శాఖ తెలియదు, శాఖ తెలియక దస్తరము దొరకదు. ఆనాటి పద్ధతిలో 'ఏ' ప్రొసీడింగ్సు ముఖ్యమైనవి, ముద్రింపబడినవి. 'బి' ప్రొసీడింగ్సు అంత ముఖ్యము కానివి. నేటాలునకు వలసను నిలుపవలెనని 1910 ఫిబ్రవరి 25న గోఖలేగారు శాసనసభలో ప్రవేశపెట్టి నెగ్గించుకొన్న తీర్మానమువంటివి మొదటి తరగతిలో నుండును. చరిత్రకారులు వానినే చదువుదురు. కాని కూలీవాని పేరు కావలెనన్నచో రెండవ తరగతి కాగితములు విప్పవలెను.

వానిలో నేటాలున మరణించిన భారతీయుల ఆస్తుల పట్టికలున్నవి. వారసులు చెంత లేక చనిపోయినవాని జీతపు బాకీ, వాడు దాచుకొన్న నాలుగు షిల్లింగులు, సామాను అమ్మగా వచ్చిన సొమ్ము లెక్కగట్టి భారతదేశమునకు పంపుదురు. పట్టికలో వలసరాజ్యపు సంఖ్య, పేరు, తండ్రిపేరు, జిల్లా, గ్రామము, మొత్తము ఉండును. జిల్లా కలెక్టరుగారు వారసులను విచారింపవలెను. ఊరిపేరు చెడిన చోట, పేరుకు బదులు పిలుపు వ్రాయబడిన చోట ఆ విచారణ ఎట్లు ముగియునో ఊహింపవచ్చును. ఇంటిపేరు ఒక్కటి యున్నచో, మునసబు అరగంటలో ఆ ఇల్లు చూపియుండును. బొగ్గులో అయిదేండ్లు కూడబెట్టిన సొమ్ము తల్లికి చేరక ఖజానాలో నిలిచిపోవుటకు ఫారములో ఒక గడి లేకపోవుటయు కారణమైనది.

తిరిగి వచ్చినవారును కలరు. పదేండ్లు ఉన్నవానికి ఉచితముగా మరలివచ్చు హక్కుండెను. 1927 నాటి కేప్‌టౌను ఒడంబడిక తరువాత మనిషికి ఇరువది పౌనులు బహుమానమిచ్చి మరీ పంపివేయుచుండిరి. అట్లు వచ్చినవారిలో కొందరిని ఊళ్ళు చేర్చుకొనలేదు; వారు మద్రాసు వీథులలో మిగిలిరి. ఆ యొడంబడికననుసరించి దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వపు ఏజెంటు పదవి యేర్పడినది. మొదటి ఏజెంటు వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు. ఆయన తరువాత 1929లో ఆ పదవిని చేపట్టినవారు తెలుగువారైన సర్ కూర్మా వేంకటరెడ్డినాయుడుగారు. 1932 వరకు ఉండిరి. ఆయన ఏజెంటుగా నున్న కాలముననే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపింపబడినది. చెరకుతోటలనుండి, గనులనుండి బయటపడినవారి బిడ్డలు అక్షరములు దిద్దుకొనుటకు, భజనలు చేసికొనుటకు, తెలుగు మరువకుండుటకు చేసికొన్న కట్టుబాటది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగము ఆరవ ప్రకరణమున ఆదరింపవలసిన భాషలను పేర్కొనుచు జర్మను, తమిళము, హిందీ మొదలగువానితోపాటు తెలుగును కూడ చేర్చినది. న్యూ జర్మనీ రైతుల భాషయు, గిరిమిటు కూలీల భాషయు అట్లు ఒకే వాక్యములో నిలిచినవి.

నేటాలులో ఇంటిపేరు లేక జరుగదు గదా! బడిలో, కోర్టులో, ఆస్తి పత్రములలో ఏదో ఒకటి వ్రాయవలెను. కొందరు తండ్రిపేరునే ఇంటిపేరు చేసికొనిరి. ఒక తరములో తండ్రిపేరైనది తరువాతి తరములన్నిటికి ఇంటిపేరై నిలిచినది. కొందరు చివర నాయుడు, రెడ్డి యని తగిలించుకొనిరి. ఇంగ్లీషులో రెండు 'ఓ'లతో వ్రాయు ఆ 'నాయుడూ' దక్షిణాఫ్రికాలో వాసికెక్కిన పేరు. అది తెలుగువారిలోను, తమిళులలోను కలదు; దానినిబట్టి ఊరుగాని, వంశముగాని నిర్ణయింప వీలులేదు.

కావున వెదకువాడు మొదట సంఖ్యను పట్టుకొని ఓడను చేరును. ఓడనుండి తాలూకాను, తాలూకానుండి గ్రామమును చేరును. గ్రామమున కరణము దస్తరములకు వారసులైన రెవెన్యూ లెక్కలుండును. అవి భూమి కలవారివి. ఓడ యెక్కినవానికి భూమి యున్నచో ఓడ యెక్కి యుండడు. ఇక మిగిలినది ఊరిపెద్దల జ్ఞాపకము. రావిచెట్టు క్రింద అరుగుమీద కూర్చున్న ముసలివాడు, సముద్రము దాటి వచ్చిన అతిథిని ఆదరముతో కూర్చుండబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, మొదట అడుగునది ఒకటే.

"మీ ఇంటిపేరేమి, బాబూ?"